రెండో అంతస్తు కోతలు

మా ఆసుపత్రిలో కోతలు రెండు అంతస్తుల్లో జరుగుతాయి. మూడో అంతస్తులో డాక్టర్లు మనుషుల్ని కోస్తారు. రెండో అంతస్తులో, దుప్పట్లు మడతపెట్టే గదికీ లిఫ్టుకీ మధ్య ఉన్న కిటికీ లేని గదిలో కూర్చుని నేను కోతలు కోస్తాను. వాళ్ల కోతకు మత్తుమందు కావాలి. నా కోతే మత్తుమందు.

ఆసుపత్రి పేజీ నడిపేది నేనే. పొద్దున ఒక పోస్టు, మధ్యాహ్నం ఒక పోస్టు, ప్రతి గురువారం పదకొండింటికి ఎవరో ఒక డాక్టరుతో లైవు. అందుకని అటెండర్ల దగ్గర్నుంచి సర్జన్ల దాకా అందరూ నన్ను పోస్టుమాస్టరనే పిలుస్తారు. మా తాతలు శేరుతో బియ్యం కొలిచేవారు, నేను షేరుతో జబ్బులు కొలుస్తాను. మూడో అంతస్తులో వైరల్ అంటే ఎవరికో జ్వరం వచ్చినట్టు. మా అంతస్తులో వైరల్ అంటే మేడమ్‌కి జ్వరం తగ్గినట్టు. మేడమ్ అంటే ఆసుపత్రి మేనేజరు. ఆవిడ దృష్టిలో లైకు రాని పోస్టు నాలాయకు పోస్టు, దాన్ని పెట్టినవాడు అంతకన్నా నాలాయకు.

నా ఉద్యోగంలో సగం పెట్టడం, సగం దాచడం. పెట్టడం ఏమిటో అందరికీ తెలుసు. దాచడం గురించి కాస్త చెప్పాలి.

ఎవరైనా మన పోస్టు కింద తిట్టి వెళ్లారనుకోండి. ఆ కామెంటు తీసేస్తే తిట్టినవాడికి తెలిసిపోతుంది, వచ్చి రెట్టింపు తిడతాడు. తీసెయ్యకుండా దాచేసే మీట ఒకటుంది. అది నొక్కితే కామెంటు రాసినవాళ్లకు ఎక్కడిదక్కడే కనిపిస్తుంది. వాళ్ల స్నేహితుల జాబితాలో ఉన్నవాళ్లకూ కనిపిస్తుంది. మిగతా లోకానికి మాత్రం కనిపించదు. వాళ్లేమో నడివీధిలో గోడ మీద రాశామనుకుంటారు. నిజానికి రాసింది వాళ్లింటి గోడకు లోపలివైపు. ఇంత మర్యాదగా నోరు నొక్కే పద్ధతి నాకు తెలిసి ఇంకోటి లేదు.

ఆ మీటను ఒక్క మనిషి కోసమే నూట నలభై మూడుసార్లు నొక్కాను. ఆవిడ టైలరు.

బడిపిల్లలకు యూనిఫాంలు కుడుతుంది. భర్త బడి బస్సు డ్రైవరు. ఆయన గుండెలో కవాటం పాడైతే, మార్చడానికి ఒక గురువారం పొద్దున ఏడున్నరకు మూడో అంతస్తుకు తీసుకెళ్లారు. ఒంటిగంటకు దుప్పటి కప్పి కిందకు తెచ్చారు. మధ్యలో పదకొండింటికి ఏం జరిగిందో ముగ్గురికి బాగా తెలుసు. ఒకరు ఆపరేషన్ చేసిన సర్జను. నవ్వు బాగుంటుందని ఆయన్ని అందరూ పళ్ల డాక్టరంటారు, చూసేది గుండెలే అయినా. రెండోవాణ్ణి నేను. మూడో మనిషి ఆ టైలరమ్మే.

ఆ గురువారం లైవులో కూర్చోవలసిన పిల్లల డాక్టరు రాలేదు. నాలుగు వేల మంది ఎదురుచూస్తున్నారు. నేను మూడో అంతస్తుకు పరిగెత్తి, నర్సు చేత థియేటరులోకి కబురు పంపాను. నవ్వే డాక్టరు దొరక్కపోతే ఇవాళ నా ఏడుపే లైవులో చూపిస్తానని. పళ్ల డాక్టరు మాస్కు కిందకు లాక్కుంటూ బయటికి వచ్చాడు.

"కుట్లే మిగిలాయి. అసిస్టెంటు చూసుకుంటాడు. ఎంతసేపయ్యా?"

"పావుగంట సార్."

"నీ పావుగంట నాకు తెలీదూ. ముప్పావు తిని పావు మిగిలిందంటావు."

సమావేశాల గదిలో కూర్చోబెట్టి, ఆకుపచ్చ బట్టల మీద తెల్లకోటు తొడిగించాను. కాళ్లకు థియేటరు తొడుగులు అలాగే ఉన్నాయి, వాటి మీద రెండు ఎర్ర చుక్కలు కూడా. కెమెరాను నడుము పైకి జరిపాను. ఆయన ఫోను నేను తీసుకున్నాను. అది నేను పెట్టిన నియమం. లైవులో కూర్చున్నవాళ్ల ఫోను నా చేతిలో ఉండాలి, లేకపోతే మధ్యలో ఎవరి అత్తగారో మోగుతుంది.

గుండెకు నవ్వు ఎంత మంచిదో ఆయన నవ్వుతూ చెప్పాడు. మధ్యలో కిటికీ వైపు చూసి, "బయట వాన మొదలైంది, ఇంట్లో పెద్దవాళ్లుంటే చలికి కాస్త జాగ్రత్త" అన్నాడు. ఆ మాటకు జనం కరిగిపోయారు. ఏడు వేలు, ఎనిమిది వేలు. తొమ్మిది వేలు దాటినప్పుడు ఫోను నా చేతిలో వణికింది. థియేటరు నుంచి. అంతమంది మా పేజీకి ఎప్పుడూ రాలేదు. మళ్లీ వణికింది. మూడోసారి వణికినప్పుడు దాన్ని బల్ల మీద బోర్లా పెట్టాను. తొమ్మిదిన్నర వేలు.

పావుగంట నలభై నిమిషాలైంది. ఆయన పైకి వెళ్లేసరికి లోపల రక్తం ఆగడం లేదు. చాలాసేపటికి ఆగింది, దానితోపాటు మిగతావన్నీ ఆగిపోయాయి. డాక్టరు లైవులో ఉన్నాడు, పేషెంటు లేడు. ఆ మధ్యాహ్నం ఈ మాట నాలో నేనే అనుకుని కొంచెం నవ్వుకున్నాను కూడా. పాడు అలవాటు.

ఇక టైలరమ్మకు ఎలా తెలుసంటే, కింద వెయిటింగ్ హాల్లో గోడకు పెద్ద టీవీ ఉంది. మా లైవు అందులో వస్తుంది. వేచి ఉన్నవాళ్లకు ధైర్యంగా ఉంటుందని మేడమ్‌తో వాదించి దాన్ని పెట్టించింది నేనే. టైలరమ్మ దానికి ఎదురుగా కూర్చుని ఉంది. తెర మీద డాక్టరు కనిపించేసరికి లేచి నిలబడింది. ఆయన ఇక్కడ నవ్వుతున్నాడంటే పైన పని అయిపోయినట్టే, బాగా అయినట్టే అనుకుంది. చెల్లెలికి ఫోను చేసి, "గండం గడిచిందే, డాక్టరుగారు నవ్వుతున్నారు" అని చెప్పింది.

ఆ సాయంత్రం మేడమ్ నన్ను పిలిచి రెండే ముక్కలు చెప్పింది.

"లైవు తీసెయ్యి. రేపు మామూలు వీడియోగా పెట్టు."

తీసేశాను. మర్నాడు గంట, తేదీ లేకుండా పెట్టాను. వాన ముక్క కత్తిరించాను. కత్తిరింపులో నేనూ టైలరునే.

మూడు వారాల తర్వాత ఆవిడ మొదటి కామెంటు వచ్చింది. తిట్టు కాదు, శాపం కాదు. "ఆ గురువారం పదకొండు గంటలకు ఈ డాక్టరుగారి లైవు చూసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి ఒక్కమాట చెప్పండి. ఆ టైములో మా ఆయన ఆపరేషన్ బల్ల మీద ఉన్నారు" అని రాసింది. డాక్టర్ల మీద ఫిర్యాదులు వినే కౌన్సిలుకు అర్జీ పెట్టుకుందట. నీ మాట చెల్లదు, మీ చెల్లెలి మాట అసలే చెల్లదు, బయటివాళ్లు ఒక్కరు చెబితే వింటామన్నారట.

ఒక్కరు చాలు. చూసినవాళ్లు తొమ్మిదిన్నర వేలు.

దాచాను. మర్నాడు మళ్లీ రాసింది, దాచాను. రోజూ పొద్దున మిషను ముందు కూర్చునే ముందు ఒకటి రాసేది. మోకాళ్ల నొప్పుల పోస్టు కింద అదే ప్రశ్న, చేతులు కడుక్కునే పద్ధతి కింద అదే ప్రశ్న. ప్రతిదానికీ ఒకే ఒక లైకు వచ్చేది. అది వాళ్ల చెల్లెలిది. అది చూసుకుని, చూసేవాళ్లు చూస్తూనే ఉన్నారనుకునేది పాపం. ఆసుపత్రి ఇన్‌బాక్సుకు కూడా రాసింది. అక్కడ ఏం రాసినా వెంటనే ఒక జవాబు దానంతట అదే వెళుతుంది. ఆ వాక్యం నేను రాసిందే. "మీ మాట మాకు చేరింది. మేము మీతోనే ఉన్నాం."

ఒక ఆదివారం మా ఆవిడ పేజీ చూస్తూ అంది.

"ఏమండీ, మీ ఆసుపత్రిని ఒక్కరూ తిట్టరేమిటి? మా అక్కావాళ్ల హోటలుకైతే నీళ్లు చల్లగా లేవని కూడా తిడతారు."

"మేం రోగాలే కాదే, రాగాలు కూడా కుదురుస్తాం."

"తిట్టడానికి ఎవరూ బతికి బయటపడట్లేదేమో," అంది మా ఆవిడ, చేతిలో కూరగాయల కత్తితో.

ఆరో నెలలో టైలరమ్మ స్వయంగా వచ్చింది. రిసెప్షను వాళ్లు పైకి ఫోను చేశారు. మేడమ్ నా వైపు చూసింది.

"నువ్వే మాట్లాడు. మాటల పోగువి కదా. ఎల్లుండి ఆవిడకు కౌన్సిల్లో విచారణ. అక్కడికి ఏ కాగితమూ వెళ్లకూడదు."

కిటికీ లేని గదిలోకి వచ్చి, దుప్పట్ల మూటను దాటుకుని, నా ఎదుట కుర్చీలో కూర్చుంది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. దుకాణం మధ్యలో మూసి వచ్చినట్టుంది.

"పేజీలో జవాబులు రాసేది మీరేనా అన్నయ్యా?"

"నేనేనమ్మా."

"మీకు దండం పెట్టాలనే వచ్చాను. ఇన్ని నెలల్లో నాకు జవాబిచ్చింది మీరొక్కరే. మేము మీతోనే ఉన్నాం అని రాశారు చూడండి, అది చదివి ఆ రోజు అన్నం తిన్నాను. అంతమంది చదువుతారు కదా ఆ పేజీ, ఒక్కరూ నోరు విప్పలేదు. జనానికి గుండెలు లేవన్నయ్యా."

గుండెల సంగతి మూడో అంతస్తులో చూస్తారనబోయి ఆగాను.

"ఏం కావాలమ్మా?"

"ఆ లైవు పదకొండింటికి వచ్చిందని ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టండి. అంతే. డాక్టరుగారిని జైల్లో వెయ్యమని నేను అడగను. ఆ టైముకి ఆయన దగ్గర ఎవరున్నారో తెలియాలి నాకు. ఒంటరిగా పోయాడా, పక్కన ఎవరైనా ఉన్నారా. అది తెలీకుండా కాజా కుట్టినా వంకరే పోతోంది."

నేను బల్ల మీది కాగితాలను పక్కకు జరిపాను.

"అమ్మా, మీకు ఎలా చెప్పాలో తెలీక ఊరుకున్నాను. అది ఆ రోజుది కాదు. బుధవారం తీసి పెట్టుకున్నాం. డాక్టర్లకు తీరిక ఉండదు కదా. లైవు అని పేరు, అంతే. ఎండు ద్రాక్షను కూడా ద్రాక్షనే అంటాం కదమ్మా."

ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"వాన పడుతోందన్నారు ఆయన. నేను కూడా అద్దంలోంచి చూశాను, వాన పడుతోంది."

"వానా? ఆ వీడియోలో వాన మాటే లేదమ్మా. ఇదిగో, చూడండి."

కత్తిరించిన వీడియో పెట్టాను. ఆవిడ మొత్తం చూసింది. రెండోసారి పెట్టమంది, పెట్టాను. వేళ్లతో టేపు చివర చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చుంది.

"ఇంట్లో కూడా చూశాను అన్నయ్యా. ఇందులో లేదు. తీసేశారేమో అనుకున్నా."

"మేమెందుకు తీస్తామమ్మా. వాన మీద మాకేం కోపం."

"మా చెల్లెలు కూడా అదే అంటుంది. అక్కా, ఆ రోజు నువ్వు నువ్వుగా లేవు, ఏదో విని ఏదో అనుకున్నావని." టేపు వదిలేసింది. "మీరు చెబుతున్నారు కాబట్టి నమ్ముతున్నాను. మీకేం పని, నాతో అబద్ధమాడటానికి."

"అంతేగా అమ్మా."

"అయితే డాక్టరుగారు మా ఆయన దగ్గరే ఉన్నారన్నమాట."

"చివరిదాకా ఉన్నారు."

ఆవిడ ఏడవలేదు. గట్టిగా ఊపిరి తీసి వదిలింది, ఆరు నెలలుగా బిగబట్టి ఉంచినట్టు. తర్వాత నా చేతి వైపు చూసి, "అన్నయ్యా, ఆ గుండీ ఊడేలా ఉంది, ఇలా ఇవ్వండి" అంది. సంచిలోంచి సూది తీసి, నా మణికట్టు పట్టుకుని, చొక్కా విప్పమనకుండానే నాలుగు కుట్లు వేసి, దారం పంటితో తెంపింది. మా పళ్ల డాక్టరు వేయించిన కుట్లు నలభై నిమిషాలు నిలవలేదు. ఈ గుండీ మాత్రం ఈనాటికీ కదల్లేదు.

లేచేటప్పుడు అంది, "మంచివాడి మీద నింద వేశాను. అందరి ముందూ వేశాను కాబట్టి అందరి ముందే తీసుకోవాలి. ఇవాళే రాస్తాను."

"ఎందుకులెండమ్మా," అన్నాను. ఆ ఒక్క మాటా మనసులోంచే వచ్చింది.

రాసింది. భోజనాల వేళ దాటగానే కామెంటు వచ్చింది. "నేను ఆరు నెలలుగా ఈ డాక్టరుగారి గురించి తప్పుగా రాశాను. ఆ వీడియో అంతకు ముందురోజుదని ఇవాళ తెలిసింది. ఆయన మా ఆయన పక్కనే చివరిదాకా ఉన్నారు. క్షమించమని వేడుకుంటున్నాను. కౌన్సిల్లో అర్జీ కూడా వెనక్కి తీసుకుంటున్నాను."

అలవాటు కొద్దీ నా వేలు దాచే మీట మీదకు వెళ్లింది. వెనక నుంచి మేడమ్ గొంతు వినిపించింది.

"పిచ్చా ఏమైనా? దీన్ని దాస్తావేం? పైన గుచ్చు."

పైన గుచ్చడమంటే కామెంటును అన్నిటికన్నా ముందు కనిపించేలా పెట్టడం. నూట నలభై మూడు దాచినవాణ్ణి నూట నలభై నాలుగోదాన్ని గుండుసూదితో అందరి కళ్ల ముందూ గుచ్చాను. గంటలో రెండు వేల మంది చూశారు. ఆవిడ నాకు ఇన్‌బాక్సులో రాసింది. "అన్నయ్యా, ఇవాళ అందరూ మాట్లాడుతున్నారు. ఇన్నాళ్లూ ఎక్కడున్నారో."

ఇన్నాళ్లూ అక్కడే ఉన్నారు. ఇప్పుడు వచ్చి మాట్లాడింది ఇదీ: డాక్టర్ల మీద పడి ఏడవడం ఫ్యాషనైపోయిందన్నారు. మొగుడి శవాన్ని అడ్డం పెట్టుకుని ఎంత గుంజుదామనుకున్నావన్నారు. ఆరు నెలలు బురద చల్లి ఇప్పుడు సారీ అంటే సరిపోతుందా, నీలాంటిదాన్ని కట్టుకున్నాడు కాబట్టే గుండె ఆగిందన్నారు. ఒకాయన తాను ఆ లైవు చూశానని కూడా రాశాడు. చాలా బాగుందని, వాన గురించి చెప్పి పెద్దల్ని జాగ్రత్తగా చూసుకోమన్న గొప్ప మనసున్న డాక్టరని.

ఆ ఒక్కరే ఆవిడకు కావలసింది. ఆవిడ చూడకముందే దాచాను. అంతకుముందు ఏది దాచినా నా వేలికి బరువుండేది కాదు. దీనికీ లేదు.

సాయంత్రానికి ఆవిడ మళ్లీ ఇన్‌బాక్సుకు వచ్చింది. "అన్నయ్యా, మా ఆయన్ని కూడా తిడుతున్నారు. వీటిని తీసేయడం కుదురుతుందా?" నేను ఏం రాయాలా అని చూస్తుండగానే జవాబు దానంతట అదే వెళ్లిపోయింది. "మీ మాట మాకు చేరింది. మేము మీతోనే ఉన్నాం."

తిట్లు తీసెయ్యనా అని మేడమ్‌ని అడిగాను.

"అవి మనల్ని తిట్టేవి కావుగా," అంది. "కామెంట్లు ఎనిమిది వందలు దాటాయి, ఉండనీ."

పళ్ల డాక్టరు రౌండ్లు ముగించుకుని మా గదిలోకి తొంగి చూశాడు.

"కుట్లు బాగా వేశావయ్యా పోస్టుమాస్టరూ."

"మీరు మిగిల్చినవే సార్," అన్నాను. ఆయన చాలాసేపు నవ్వాడు. నవ్వు నిజంగానే బాగుంటుంది.

మర్నాడు పొద్దున ఆవిడ తన కామెంటు తనే తీసేసుకుంది. తన మాట తీసుకునే మీట ఆవిడ దగ్గరుంది. ఆ సంగతి మేడమ్ ముందే ఊహించింది. రాత్రి ఇంటికి వెళ్లేముందే నా చేత ఆ కామెంటును ఫొటో తీయించి, పెద్ద బొమ్మగా చేయించింది. పక్కన ఆవిడ ముఖం కూడా పెట్టమంటే, ఆవిడ పేజీలోంచే తీసుకున్నాను. పసుపు రంగు బడి బస్సు ముందు మొగుడూ పెళ్లాం నిలబడి తీయించుకున్నది. ఆయన్ని కత్తిరించి ఆవిణ్ణి ఉంచాను. పైన, నిజం నిలకడ మీద తెలుస్తుంది అని పెద్ద అక్షరాలతో రాశాను. మేడమ్‌కి నచ్చింది. ఎనిమిదింటికి పేజీలో పెట్టాను, వెయిటింగ్ హాలు టీవీలో కూడా వేశాను. ఆ బొమ్మను తీసేసే మీట ఆవిడ దగ్గర లేదు.

తొమ్మిదింటికి, మిషను ముందు కూర్చునే వేళకు, బొమ్మ కింద ఆవిడ కామెంటు వచ్చింది.

"ఇది నా ఫొటో. పక్కన మా ఆయన ఉండాలి. తీసేయండి అన్నయ్యా."

దాచాను.

కాసేపటికి దానికి ఒక లైకు పడింది. వాళ్ల చెల్లెలు.